ఓడల మట్టి, అత్తయ్య తెల్లచీర

నాకు ఆరా ఎక్కువ. పక్కింట్లో తాలింపు వాసన వస్తే అది ఏ కూరకో తేలేదాకా నాకు అన్నం సయించదు. "నీకెందుకే ఊళ్లో సంగతులన్నీ" అని తిట్టీ తిట్టీ అలిసిపోయి, మా అమ్మ తొంభైల మొదట్లో నాకు పెళ్లిచేసి గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం పంపేసింది. పంపింది కూడా ఎక్కడికనుకున్నారు? వన్‌టౌన్‌లో, ఓడరేవుకి ఎదురుగా ఉన్న ఒక మూడంతస్తుల మేడకి. డాబా ఎక్కితే ఓడలు, క్రేన్లు, వాటి మీద పనిచేసే మనుషులు కూడా కనిపించేవాళ్లు. నాలాంటిదాన్ని అలాంటి చోట పెడితే ఇంక వంట ఎలా సాగుతుంది?

ఆ ఊళ్లో నేను మొదట నేర్చుకున్నది మట్టి గురించి. ఓడలోకి ఇనుప ఖనిజం ఎక్కించే రోజున, గాలి మా వైపు తిరిగితే, సన్నటి ఎర్రటి దుమ్ము వచ్చి కిటికీ అంచుల మీద, మంచినీళ్ల బిందె మూత మీద, ఆరేసిన బట్టల మీద వాలేది. బొగ్గు దింపే రోజున నల్లది వాలేది. దండెం మీద దుప్పటి చూసి రేవులో ఇవాళ ఏ సరుకో చెప్పగలిగే ఆడవాళ్లు ఆ మేడలో ఉండేవాళ్లు. మా ఆయన పని ఆ ఖనిజం మోసే బెల్టుల దగ్గర, కరెంటు పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనురెప్పలు ఎర్రగా ఉండేవి. కొత్తలో నేను ఏడ్చాడేమో అనుకుని కంగారుపడ్డాను.

మేడలో అన్ని వాటాలకీ కలిపి డాబా ఒకటే, దండేలు మాత్రం ఎవరివి వాళ్లవి. అందుకని అక్కడొక కట్టుబాటు ఉండేది. మట్టి రావడం ముందు ఎవరు చూస్తే వాళ్లు కేకెయ్యాలి. కేక వినగానే ఖాళీగా ఉన్నవాళ్లందరూ డాబా మీదికి పరిగెత్తి, ఎవరి బట్టలని చూడకుండా అన్నీ తీసి మెట్ల గదిలో పడేయాలి. తర్వాత తీరిగ్గా ఎవరివి వాళ్లు ఏరుకోవచ్చు. ఎంత పోట్లాడుకున్నవాళ్లైనా సరే, ఒకరి బట్టలొకరు తీసేవాళ్లు. కేకలెయ్యడంలో అందరికంటే ముందుండేది కింది వాటాలో ఉండే ఆవిడ. వాళ్లది చేపల వేటకెళ్లే కుటుంబం. పొద్దున్నే హార్బర్ నుంచి చేపల తట్ట ఎత్తుకుని వీధులన్నీ తిరిగి అమ్ముకొచ్చి, మధ్యాహ్నం మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. గాలి మారితే ఆవిడకే ముందు తెలిసేది.

"మట్టొస్తన్నాదర్రా, బట్టల్దీయండి బేగి" అని ఆవిడ అరిస్తే మూడో అంతస్తులో మా పొయ్యి మీద పాలు కూడా ఉలిక్కిపడేవి.

మా అత్తయ్య వచ్చింది నేను కాపరానికొచ్చిన రెండో ఏట. మామయ్యగారు పోయాక, ఊళ్లో ఒక్కర్తీ ఎందుకని మా ఆయన వెళ్లి తీసుకొచ్చాడు. వచ్చేటప్పుడు ఆవిడ పెట్టెలో ఉన్నవన్నీ తెల్లచీరలే, సన్నటి బూడిదరంగు అంచుతో. అవి చూస్తే నాకు గుండె కలుక్కుమంది. ఎందుకంటే పెళ్లిచూపులప్పుడు నేను ముందు చూసింది పెళ్లికొడుకుని కాదు, ఆవిడ చీరని. నేరేడుపండు రంగు మీద చిలకాకుపచ్చ అంచు. అంత ధైర్యంగా రంగులు కట్టే మనిషిని మా వైపు నేనెప్పుడూ చూడలేదు. రంగు నచ్చలేదని మామయ్యగారు తెచ్చిన చీరని ఆయన చేతే తిరిగి కొట్టుకి పంపించేదని మా ఆయన నవ్వుతూ చెప్పేవాడు. ఆవిడకి నగల మీద మోజు లేదు, తిండి మీద లేదు. ఉన్న సరదా అంతా ఆ ఒక్కటే.

ఆ రంగు చీరలన్నీ ఊళ్లో పంచిపెట్టి వచ్చేసింది. ఎవరూ అడగలేదట, తనే ఇచ్చేసిందట.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. కొత్త కోడల్ని, చుట్టాల కళ్లన్నీ నా మీదే ఉంటాయి. అత్తగారి తెల్లచీర మాసిపోయి కనిపిస్తే మాట ఎవరికొస్తుంది? నాకే. పైగా మా అత్తయ్య అంటే నాకు నిజంగానే ప్రేమ. ఉన్నవి ఆ తెల్లచీరలే అయినప్పుడు అవైనా మల్లెపువ్వుల్లా ఉంచాలని పట్టుబట్టాను. సోడా వేసి ఉడకబెట్టేదాన్ని, నీలిమందు పెట్టేదాన్ని, పల్చటి గంజి పెట్టి దులిపి ఆరేసేదాన్ని. అంత చేసినా రెండు రోజులకోసారి అవి ఎర్రబారేవి. మేడలో మిగిలిన వాళ్ల బట్టలు బాగానే ఉండేవి. మా అత్తయ్య చీరలే ఎందుకు ఎర్రబారుతున్నాయో నాకు అంతుపట్టేది కాదు.

ఒకరోజు మెట్ల గదిలో బట్టలు ఏరుకుంటుంటే కింది వాటా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నానొకటి అడుగుతాను, ఏటనుకోకు. మీ అత్త సీర మాత్రం తీనివ్వదేటమ్మా?" అంది.

"తీనివ్వకపోవడమేంటి?" అన్నాను.

"అదే మరి. అందరి బట్టలూ తీస్తన్నాం కదా, ఆయమ్మ సీర మీద సెయ్యేస్తే ఒగ్గీ, ఉండనీ అంటాది. మొన్నా అంతే, అటుమొన్నా అంతే. నానెత్తుకుపోతాననుకుంటన్నాదో ఏటో."

ఇక నాకు కంటి మీద కునుకు ఉంటుందా? రకరకాలుగా ఆలోచించాను. పాపం కళ్లు ఆనడంలేదేమో, మట్టి పడడం తెలీడంలేదేమో అనుకున్నాను. కానీ బియ్యంలో మెరిగె ఉంటే గది అవతల నుంచి చెప్పే మనిషి ఆవిడ. పోనీ తన చీర పరాయివాళ్లు ముట్టుకోవడం ఇష్టంలేదా అంటే, ఆ కింది వాటా ఆవిడ గ్లాసుతోనే కాఫీ తాగేది. చివరికి నాకొక పాడు అనుమానం కూడా వచ్చింది. కోడలు సరిగ్గా చూడట్లేదని చుట్టాలకి చూపించడానికి కావాలని మాపుకుంటోందేమో! ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు ఒళ్లు మండిపోయి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆవిడ మాట్లాడకుండా తినేసింది.

అప్పట్నుంచీ నేను కనిపెట్టుకుని ఉన్నాను. కనిపెట్టే కొద్దీ ఇంకా చిత్రంగా ఉంది. పొద్దున్నే మా ఆయన టిఫిను తింటుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఇయ్యాళ ఏం ఎక్కిత్తున్నార్రా అబ్బాయ్?" అని అడిగేది. "ఖనిజమేనమ్మా" అంటే, ఆ రోజు తప్పకుండా ఒక చీర తడిపి డాబా మీదికి తీసుకెళ్లేది. "లేదమ్మా, ఇవాళ బొగ్గు ఓడ" అంటే చీరల జోలికే వెళ్లేది కాదు. ఒకసారి ఖనిజం అనుకున్న రోజున అనుకోకుండా నల్లమట్టి వచ్చింది. అప్పుడు చూడాలి ఆవిడ పరుగు. కింది వాటా ఆవిడ కేక పూర్తికాకముందే మా అత్తయ్య మెట్లెక్కేసింది. మా ఆయనేమో తల్లికి తన ఉద్యోగం మీద ఎంత ఆసక్తో అని పొంగిపోయి, బెల్టులు ఎలా తిరుగుతాయో, మోటారు ఎక్కడుంటుందో రోజూ వివరంగా చెప్పేవాడు. ఆవిడ పాపం ఓపిగ్గా అన్నీ వినేది.

ఒక మధ్యాహ్నం మట్టి వచ్చి వెళ్లాక నేను చప్పుడు చెయ్యకుండా డాబా ఎక్కాను. ఆవిడ దండెం దగ్గర నిలబడి ఉంది. ఆరిన చీరని గట్టిగా దులిపి, ఒక చెంగు తడిపి పిండి, ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తోంది. రెండో చేత్తో ఇంకో చీర కొస పట్టుకుని దాని పక్కన పెట్టి పోల్చుకుంటోంది. ఒకప్పుడు బట్టల కొట్లో ఆవిడ అలాగే నిలబడి ఉండేదేమో. నన్ను చూడగానే రెండు చీరలూ గబుక్కున ముద్దచేసి చంకలో పెట్టుకుంది.

"ఏం చూస్తున్నారత్తయ్యా?"

"ఏం లేదే. ఆరిందో లేదో అని."

"ఆరిన చీరని మళ్లీ తడిపారేంటి మరి?"

ఇది వదిలే రకం కాదని ఆవిడకి అర్థమైనట్టుంది. ముద్దచేసిన చీర మెల్లగా విప్పి నా చేతిలో పెట్టింది.

"దులిపితే మట్టి పోతది. నీళ్లలో ఒట్టిగా జాడిస్తే ఇంకాస్త పోతది. అప్పుడు లోపల ఈ రంగు నిలబడతది చూడు. ఏం రంగో చెప్పు."

నేను చూశాను. ఎర్ర కాదు, గులాబీ కాదు, గోధుమ కూడా కాదు. చాలా లేతగా ఉంది. మరకలా లేదు, చీరంతా ఒకేలా పరుచుకుని ఉంది. నాకు పేరు తట్టలేదు.

"మామిడి చిగురు. రెండు రోజుల చిగురు ఇలాగే ఉంటది. మీ మామయ్య ఇది ఎక్కడా దొరకదనేవాడు. నువ్వు మంచిదానివేగానీ అమ్మాయ్, నాలుగు ఓడలకి పట్టిన రంగుని ఒక్క ఉడుకుతో పోగొట్టేత్తన్నావు. నీ నీలిమందుతో నా ప్రాణం తీత్తన్నావే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ మౌనంగా ఓడల కోసం ఎదురుచూడడం, నేను వెనకాలే ఉడకబెట్టడం. "అంత ఇష్టమైతే ఒక రంగు చీర కొనుక్కుందాం అత్తయ్యా. ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు? మిమ్మల్ని తెల్లవే కట్టుకోమని బలవంతపెట్టింది ఎవరసలు?" అన్నాను.

"ఎవరూ పెట్టలేదు. పెడితే దెబ్బలాడేదాన్నే. పెద్దకర్మ రోజున తెచ్చినవాళ్లందరూ తెల్లవే తెచ్చారు. నాకు ఇంకోటి కావాలని ఏ నోటితో అడగను? ఆయన పోయాడు, నేను రంగు అడగాలా? ఆయన కోసం ఏడుపు నాకు ఇప్పటికీ వత్తది. కానీ రంగు మీద ఆయనకేం కోపమే? ఎప్పుడూ లేదు."

"మరి కొనుక్కోవడానికేం?"

"కొంటే నేను కోరుకున్నట్టు. ఇది నేనడిగింది కాదు. దానంతటది వచ్చి పడింది. ఎవరైనా అడిగితే ఊరి మట్టి అంటాను. అబద్ధం కూడా కాదు."

మా ఆయనకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెప్తే వాడు సాయంత్రానికి నాలుగు రంగు చీరలు పట్టుకొస్తాడు, వాడు తెచ్చినవి కట్టుకోలేను, కట్టుకోనని వాడి మొహం మీద చెప్పలేను, అంది. నిజమే, ఆయన అలాంటివాడే.

ఆ రోజు నుంచి నేను సోడా మానేశాను. అత్తయ్య చీరలు ఒట్టి నీళ్లలో జాడించి, నీడలో కాకుండా రేవు వైపు దండెం మీద, గాలికి అడ్డంగా పరిచి ఆరేసేదాన్ని. కింది వాటా ఆవిడకి ఏమీ చెప్పకపోయినా ఏదో అర్థమై ఉంటుంది. మట్టి వచ్చినప్పుడు ఆవిడే, "ఆ సీర ఒగ్గీండర్రా, అది నాను సూసుకుంటాను" అని మిగిలినవాళ్లని అదిలించేది. ఇంక మా ఇంట్లో ఎన్ని రంగులో! కొత్త ఖనిజం వస్తే ఇటుక ఛాయ. గాలి తక్కువుంటే గంధం. వర్షం ముందు పడిన మట్టికి ఒక వింత ఛాయ వచ్చేది, దానికి ఆవిడ పండిన పోకచెక్క అని పేరుపెట్టింది. మేమిద్దరం కాఫీ గ్లాసులు పట్టుకుని డాబా మీదికెళ్లి ఏ ఓడ ఏ రంగు తెచ్చిందో చూసుకునేవాళ్లం. బంగారం కొట్టుకెళ్లినా నాకు అంత సరదా కలగలేదు. ఆవిడ ఆ లేత రంగు చీర కట్టుకుని, అద్దం ముందు ఒక్క క్షణం ఎక్కువ నిలబడేది. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. పిల్లలు పుట్టారు, బడికెళ్లారు. అప్పుడొచ్చింది మా ఆయన మేనత్త, అంటే మా అత్తయ్యకి ఆడపడుచు. మంచిమనిషే. వదినగారంటే ప్రాణం. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మా అత్తయ్యని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"అదేం చీర వదినా? ఆ రంగేంటి?"

నేనేదో సర్దిచెప్పబోయి తడబడ్డాను. మా అత్తయ్య మాత్రం తడుముకోలేదు. "ఏం చెప్పమంటావమ్మా, ఈ ఊరి మట్టి. ఎంత ఉతికినా పోదు. ఈ పిల్ల చేతులరిగిపోతన్నాయి. ఏం చేత్తాం, నా రాత అంతే" అని చెంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది. అంత బాగా నటించగలదని నాకు తెలీదు. వంటింట్లోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను.

ఆ నవ్వు సాయంత్రం వరకే. మా ఆయన ఇంటికి రాగానే ఆ మేనత్త ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "మా అన్నయ్య ఉంటే వదినని ఇలా ఉండనిచ్చేవాడా? మడతనలగని చీర కట్టిన మనిషి. ఒట్టి తెల్లచీర, అది కూడా తెల్లగా కట్టుకునే యోగం లేదా? కొడుకువి, నీకు కనపడట్లేదా?" అంది. కోపంగా అన్నా పోయేది. ఆవిడ ఏడుస్తూ అంది. మా ఆయన ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మా అత్తయ్య గోడకి ఆనుకుని, "నాకిక్కడ బాగానే ఉందిరా" అంది. "నువ్వలాగే అంటావమ్మా, నాకు తెలుసు" అన్నాడు. నేను ఆవిడ వైపు చూశాను. చెప్పొద్దన్నట్టు తల ఊపింది.

అంతే, ఆయన పట్టుబట్టి ఇల్లు కట్టాడు. రెండువేల సంవత్సరం దాటాక, ఊరి నుంచి భీమిలి వెళ్లే దారిలో, ఒట్టి సముద్రపు గాలి తప్ప ఇంకేమీ రాని చోట. తను రోజూ బస్సులు మారి రేవుకి వెళ్లాల్సొచ్చినా లెక్కచెయ్యలేదు. గృహప్రవేశానికి ముందే పెరట్లో రెండు స్తంభాలు పాతించి, తన చేత్తో దండెం కట్టాడు. తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి దాన్ని చూపించాడు.

"ఇంక నీ చీర మీద నలుసు పడదమ్మా" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"బాగుందిరా" అంది ఆవిడ. కొడుకు భుజం కూడా తట్టింది. ఆ మాట చెప్పడానికి ఆవిడకి ఎంత కష్టమైందో ఆ పెరట్లో నాకొక్కదానికే తెలుసు.

ఇల్లు నిజంగా బాగుంది. కిటికీ అంచు మీద వేలు పెట్టి రాస్తే ఏమీ అంటేది కాదు. బిందెకి మూత పెట్టకపోయినా ఫర్వాలేదు. పిల్లలకి దగ్గులు తగ్గాయి, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. కానీ ప్రతి ఉతుక్కీ అత్తయ్య చీరలు ఒక్కో మెట్టు తెల్లబడుతూ వచ్చాయి. నేను ఒట్టి నీళ్లలోనే జాడించేదాన్ని, సబ్బు చూపించేదాన్ని కూడా కాదు. అయినా ఏం లాభం? ముందు మామిడి చిగురు పోయింది, తర్వాత గంధం పోయింది. ఇల్లు మారిన ఏడాదే వానాకాలం మొదలయ్యేసరికి ఆవిడ పెట్టె మళ్లీ ఊరి నుంచి తెచ్చిన రోజు ఉన్నట్టే అయిపోయింది.

ఆవిడకి జబ్బు చెయ్యలేదు, అన్నం మానలేదు. పొద్దున్న టిఫిను దగ్గర "ఇయ్యాళ ఏం ఎక్కిత్తున్నార్రా" అని అడగడం మానేసింది. మా ఆయన అలవాటుగా తనే చెప్పబోతే, "సరే నాన్నా" అని లేచి వెళ్లిపోయేది. "అమ్మకి నా పని మీద ఆసక్తి పోయిందేంటే" అని ఆయన నన్నడిగాడు. నేనేం చెప్పను? ఆవిడ వీధి వైపు కుర్చీలో కూర్చోవడం కూడా మానేసింది, పెరటి వైపే కూర్చునేది. చీర ఎలా చేతికొస్తే అలా చుట్టుకునేది. కుచ్చిళ్లు ఎగుడుదిగుడుగా ఉండేవి.

ఒకసారి ధైర్యంచేసి నా చీరల్లో బాగా లేత రంగుది తీసి ఆవిడ మంచం మీద పెట్టాను. మడత విప్పకుండా తెచ్చి నా బీరువాలో పెట్టేసింది. "నీది నీ దగ్గర పెట్టుకో అమ్మాయ్" అంది, అంతే.

ఆ వానల్లోనే ఒకరోజు ఏదో పని మీద భీమిలి వెళ్లి బస్సులో తిరిగొస్తున్నాను. కిటికీ పక్కన కూర్చుని అలవాటుగా అన్నీ చూస్తున్నాను. ఆ దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉంటాయి, అందరికీ తెలిసినవే. నేనూ ఎన్నోసార్లు చూశాను. అంతకుముందే వాన వెలిసింది. దిబ్బల వైపు నుంచి ఎర్రటి నీళ్లు కాలువ కట్టి రోడ్డు దాటుతున్నాయి. రోడ్డు పక్కన తెల్ల సున్నం వేసిన రాయి ఒకటి ఉంది. నీళ్లు తాకినంత మేరా ఆ రాయికి రంగు పట్టింది. నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను. పక్కనున్నాయన "దిగిపోతారేటండి?" అని అడిగాడు. దిగిపోయాను.

కూరలకి తీసుకెళ్లిన సంచి నిండా కాలువలో పేరుకున్న మెత్తటి మట్టి ఎత్తుకున్నాను. దారినపోయేవాళ్లు పిచ్చిదనుకుని ఉంటారు, అనుకోనీ. ఇంటికెళ్లి ఎవరూ చూడకుండా స్నానాలగదిలో బకెట్లో నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టాను. ముందు మా ఆయన బనీను ముంచి చూశాను. అది మచ్చలు మచ్చలుగా తేలి, చూడ్డానికే భయంకరంగా తయారైంది. "నా బనీనుకి ఏమైందే?" అని ఆయన అడిగితే, పాతబడితే అంతే అన్నాను. తర్వాత తలగడ గలీబు పాడుచేశాను. నీళ్లు తేరుకోనిచ్చి, అడుగున ముద్ద కదలకుండా పైది మాత్రం వంచి, అందులో గంజి కలిపితే రంగు సమంగా పడుతుందని నాకు తెలియడానికి మూడో గుడ్డ కావాల్సొచ్చింది. గంజి ఎలాగూ ఆవిడ చీరలకి పెట్టేదాన్నే కదా.

ఆవిడ భోజనం చేసి నడుం వాల్చిన సమయం చూసి ఒక చీర ముంచి తీసి దండెం మీద వేశాను. కొంటేనే కోరుకున్నట్టన్న మనిషి, ఇలా చేతులారా అద్దితే ఏమంటుందో? దానంతటది రావాలి కదా ఆవిడకి. ఇది దానంతటది రాలేదు. నేను బస్సు దిగి సంచిలో మోసుకొచ్చాను. "నా మీద జాలిపడుతున్నావా" అని ఒక్క మాట అంటే, ఇన్నేళ్ల మా స్నేహం ఆ పూటతో సరి. తీసేద్దామా అని రెండుసార్లు దండెం దాకా వెళ్లాను కూడా. అంతలో తలుపు చప్పుడైంది.

ఆవిడ పెరట్లోకి వచ్చింది. చీరని చూసి ఆగిపోయింది. దగ్గరికెళ్లి చెంగు ఎత్తి, ఎండకి పట్టుకుని చూసింది, అచ్చం డాబా మీద చూసినట్టే. నేను తులసికోట పక్కన నిలబడి, లేని గడ్డి పీకుతున్నాను.

"ఇక్కడికి కూడా వస్తోందేంటే మట్టి?" అంది.

"గాలి ఇటు తిరిగినట్టుందత్తయ్యా" అన్నాను.

"ఊఁ" అంది. చెంగు వదల్లేదు. నా దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ల సందుల్లోనూ, అరచేతి గీతల్లోనూ ఎర్రటి మట్టి. ఎంత తోమినా పోలేదు. నేను చెయ్యి లాక్కోబోయాను, ఆవిడ వదల్లేదు. నేను ఆవిడ మొహంలోకి చూడలేక దండెం వైపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత తను కట్టుకున్న తెల్లచీర చెంగుతో నా అరచేతిని గట్టిగా తుడిచింది. చెంగు ఎర్రబారింది. అది కూడా ఒకసారి వెలుతురుకి పట్టుకుని చూసుకుంది.

"రంగు బానే ఉంది గానీ అమ్మాయ్, ఆ అంచు దగ్గర గాలి సరిగ్గా తగల్లేదు" అంది. "రేపు ఇంకో చీర వేస్తాను. కాస్త చూసి తగలమను."